పొగ పరీక్షలో పాసైన బండి

నా పేరు చెప్పను. చెప్పినా మీకు తెలియదు. మొయినాబాద్ దాటాక చేవెళ్ల రోడ్డు మీద లారీలు బాగుచేసే షెడ్డు ఒకటి ఉండేది, అందులో మెకానిక్‌ని అనుకోండి, చాలు. నా వల్ల ఒక మనిషి కాలు పోయింది. దానికంటే పెద్దది ఇంకొకటి పోయింది. అతని మాట మీద లోకానికున్న నమ్మకం పోయింది. కాలు సంగతి ఊరందరికీ తెలుసు. రెండోది నాకొక్కడికే తెలుసు. ఇన్నేళ్లు దాన్ని మోస్తూ అన్నం తిన్నాను, పెళ్లిళ్లకు వెళ్లాను, నవ్వాను కూడా.

పోయిన నెల మొదటిసారి ఒకరికి చెప్పాను. చెబితే దిగిపోతుందనుకున్నాను. ఏమైందో చెబుతాను. మీరు నాకు ఏమీ కారు. అందుకే మీ దగ్గర కూర్చున్నట్టు అనుకుని రాస్తున్నాను.

అప్పుడు గచ్చిబౌలి వైపు అద్దాల మేడలు లేస్తున్నాయి. కంప్యూటర్ కంపెనీలు వరసపెట్టి వస్తున్నాయి. వాటికి బిల్డింగులు కావాలి, వాటిలో పనిచేసేవాళ్లకు ఇళ్లు కావాలి, అన్నిటికీ కంకర కావాలి. పొద్దున లేస్తే మా రోడ్డంతా లారీలే. స్తోమత ఉన్నవాళ్లు కొత్త బండ్లు దింపారు. లేనివాళ్లు పాత బండ్లనే నా దగ్గరికి తోలుకొచ్చారు.

పాత ఇంజను లోడుతో ఎత్తెక్కాలంటే మూలుగుతుంది. దాన్ని ఎక్కించే విద్య నా చేతిలో ఉంది. పొగ గొట్టానికి ఉండే సైలెన్సర్ తీసేసి, దాని చోట పొట్టిగా కోసిన తిన్నని పైపు బిగించేవాణ్ని. డీజిల్ పంపు మీద ఒక మర ఉంటుంది, దాన్ని కొంచెం తిప్పి డీజిల్ ఎక్కువ పోయేలా చేసేవాణ్ని. అంతే, బండికి వయసు తగ్గినట్టుండేది. వెనక మాత్రం నల్లటి పొగ. చేవెళ్ల దగ్గర రోడ్డు పక్కన క్యారెట్లు కడిగే ఆడవాళ్లు మా బండ్లు దూరం నుంచి వినపడగానే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేవాళ్లు. నేను చూశాను. చూసి ఏమనుకున్నాను? ఏమీ అనుకోలేదు. అదే నిజం.

మరి పొగ పరీక్ష? దానికీ విద్య ఉంది. పరీక్ష రోజు పొద్దున తీసిన సైలెన్సర్ మళ్లీ బిగించేవాణ్ని. మరను వెనక్కి తిప్పేవాణ్ని. బండి వేడెక్కేదాకా రోడ్డు మీద తిప్పి, అప్పుడు పరీక్ష చేసే వ్యాను దగ్గరికి పంపేవాణ్ని. ఆ వ్యానులో మనిషి గొట్టంలో తన మిషను పైపు పెట్టి, ఇంజను రేజు చేయించి, కాగితం ఇచ్చేవాడు. బండి పాస్. సాయంత్రానికి సైలెన్సర్ నా షెడ్డు మూలకు చేరేది, పొట్టి పైపు మళ్లీ బండికి ఎక్కేది. శంకర్‌పల్లి వైపు నుంచి కూడా నన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. ఆ షెడ్డుకు పోతే ఏ బండైనా పాసవుతుందని డ్రైవర్లు చెప్పుకుంటుంటే, పని చేస్తున్నట్టు నటిస్తూ వినేవాణ్ని. మోసం అనే మాట అప్పుడు నా మనసులోకి రానే లేదు. పనితనం అనుకున్నాను. గర్వపడ్డాను. ఇన్నేళ్ల తర్వాత వెనక్కి చూసుకుంటే, డబ్బు కంటే ఆ గర్వమే నన్ను ఎక్కువ నడిపించిందనిపిస్తుంది.

చేవెళ్లలో ఇనుము, సిమెంటు దుకాణం ఉన్న సేటు ఒకాయనకు ఒక పాత టిప్పర్ ఉండేది. దాని డ్రైవరు సామేలు. ఎంకపల్లి మనిషి. పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. బండి ఎక్కగానే స్టీరింగును గుడ్డతో తుడిచి, ఆ తర్వాతే తాళం తిప్పేవాడు. ఆదివారం చర్చిలో డోలక్ వాయించేది అతనే. అతను వాయిస్తే పాట రానివాళ్లు కూడా పాడతారని ఊళ్లో అనేవాళ్లు. భార్య రూతమ్మ అజీజ్‌నగర్‌లో ఒక ఫాంహౌస్ తోటలో పనిచేసేది. వాళ్లకు ఒక బిడ్డ. సామేలు తాగడు. వాళ్ల నాయన తాగి తాగి పోయాడు, చిన్నప్పుడు ఆయన్ని కల్లు దుకాణం నుంచి ఇంటికి మోసుకొచ్చింది ఇతనే. అందుకే ఆ వాసనంటేనే పడదని నాతో ఒకసారి అన్నాడు.

సేటు బండికి నేను పైపు మార్చాను. మొదటి రోజు లోడుతో ఎత్తెక్కి వచ్చి సామేలు ఎంత సంబరపడ్డాడో. "అన్నా, ఇది లారీ కాదే, గుర్రం!" అన్నాడు. ఆ నవ్వు ఇప్పటికీ కళ్లకు కడుతుంది.

ఇక్కడే ఒక చిన్న విషయం చెప్పాలి. చిన్నదే. ఇంజనుకూ పైపుకూ మధ్య అతుకు దగ్గర ఒక ప్యాకింగ్ ఉంటుంది, పొగ బయటికి రాకుండా ఆపే పలుచని రేకు. విప్పిన ప్రతిసారీ కొత్తది వెయ్యాలి. మూడోసారి పరీక్ష అయ్యాక పైపు మార్చేటప్పుడు నా దగ్గర కొత్తది లేదు. స్పేర్ పార్టుల దుకాణం నాలుగడుగుల దూరంలో ఉంది. వాన పడుతోంది. బండి తొందరగా కావాలని సేటు కబురు మీద కబురు పంపుతున్నాడు. పాత ప్యాకింగునే తిరగేసి పెట్టి బిగించాను. సరిగ్గా ఆ అతుకు మీదే క్యాబిన్ ఉంటుంది. క్యాబిన్ నేలలోంచి పైకొచ్చే గేరు రాడ్డు చుట్టూ ఉండే రబ్బరు చిరిగిపోయి ఉందని కూడా నాకు తెలుసు. కింద లీకైన పొగ ఎక్కడికి పోతుందో నాకు తెలియదా? నా షెడ్డులోనే ఒకసారి షట్టరు దించి ఇంజను నడిపి, కళ్లు తిరిగి కూలబడ్డవాణ్ని. నాకు తెలుసు.

నాలుగు రోజులకు సామేలు వచ్చాడు. బండి దిగకుండానే, కిటికీలోంచి తల బయట పెట్టి అన్నాడు. క్యాబిన్‌లో పొగ వస్తోందని, మధ్యాహ్నానికి తల పగిలిపోతోందని, కడుపులో తిప్పుతోందని. అద్దం దించుకొమ్మన్నాను. వాన కొడుతోంది కదా అన్నాడు. సోమవారం తీసుకురా, చూస్తానన్నాను. "సరే అన్నా" అని వెళ్లిపోయాడు. నా చేతిలో అప్పుడు వేరే బండి గేరుబాక్సు ఉంది. దాన్ని కింద పెట్టి, పది నిమిషాలు ఆ అతుకు చూసి ఉంటే? ఈ పది నిమిషాల లెక్క ఎన్నిసార్లు వేసుకున్నానో.

సోమవారం రాలేదు. శనివారమే అయిపోయింది.

పొద్దున పది దాటింది. ముసురు. స్కూటరు మీద పోతున్న మనిషి ఆగి, ఎంకపల్లి మలుపు దగ్గర సేటు బండి కల్వర్టు గోడకు కొట్టుకుందని చెప్పాడు. పరిగెత్తాను. నాకంటే ముందు ఎవరూ బండెక్కి చూడలేదు. కుడివైపు క్యాబిన్ గోడలోకి దూసుకుపోయింది. ఇంజను ఇంకా నడుస్తోంది. ఎడమ తలుపు లాగి లోపలికి ఎక్కాను. ఆ వైపు అద్దం పైదాకా మూసి ఉంది.

ఆ తలుపు తెరవగానే నా మొహాన కొట్టింది పొగ. డీజిల్ పొగ. నా గొంతు పట్టేసింది, కళ్లమ్మట నీళ్లు వచ్చాయి. తాళం తిప్పి ఇంజను ఆపాను. సామేలు మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది. కళ్లు సగం తెరిచి, "కండ్లు మూతలు పడ్డయన్నా" అన్నాడు. ఆ మాటతో అతని ఊపిరి నా మీదికి వచ్చింది. అందులో సారా లేదు, కల్లు లేదు. ఏమీ లేదు.

జనం చేరి గడ్డపారలతో రేకులు వంచి అతన్ని బయటికి తీసేసరికి చాలాసేపైంది. జీపులో దవాఖానకు తీసుకెళ్లారు. కుడికాలు మోకాలి కింద తీసేశారు. ప్రాణం దక్కించే హడావుడిలో రక్తం పరీక్షకు పంపే ఆలోచన ఎవరికీ రాలేదు.

సాయంత్రానికల్లా ఊళ్లో మాట పుట్టింది. పొద్దున టీ హోటల్ దగ్గర సామేలు తూలుతూ నడిచాడని హోటలాయన చెప్పాడు. రోడ్డు పక్కన వాంతి చేసుకుంటుంటే చూశామని ఇంకెవరో చెప్పారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. పొగ పట్టిన మనిషి అట్లాగే తూలతాడు, అట్లాగే కక్కుతాడు. కానీ వాళ్లకు తెలిసిన తూలడం ఒక్కటే. పైగా వాళ్ల నాయన సంగతి అందరికీ గుర్తుంది. తాగి నడిపాడు అన్నారు. తండ్రి రక్తం ఎక్కడికి పోతుంది అన్నారు.

బండిని క్రేను తెచ్చి నా షెడ్డులోనే పెట్టారు. బ్రేకు ఇన్‌స్పెక్టరు సోమవారం వచ్చి చూస్తాడన్నారు. ఆదివారం పొద్దున, షెడ్డులో ఎవరూ లేనప్పుడు, నేను ఆ బండి కింద దూరాను. పొట్టి పైపు విప్పాను. మూలనున్న సైలెన్సర్ బిగించాను. పంపు మర వెనక్కి తిప్పాను. గేరు రాడ్డుకు కొత్త రబ్బరు వేశాను. ప్యాకింగ్ కోసం దుకాణానికి వెళ్లి కొత్తది కొనుక్కొచ్చాను. అవును, ఆ రోజు వెళ్లాను. సేటు చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. నా అంతట నేనే చేశాను. చేతులు వణికాయని రాస్తే బాగుంటుంది కానీ, వణకలేదు. పరీక్షకు బండి సిద్ధం చేసినట్టే చేశాయి. వాటికి అలవాటైన పనే కదా.

ఇన్‌స్పెక్టరు వచ్చి బ్రేకులు చూశాడు, స్టీరింగు చూశాడు, పొగ కాగితం చూశాడు. బండిలో లోపమేమీ లేదని రాసుకుని వెళ్లిపోయాడు. నా చేతి కింద పాసైన ఆఖరి బండి అదే. ఆ తర్వాత పైపులు కోసే పని మానేశాను. దాన్ని మంచితనమని చెప్పుకోను. ఆ పైపు చూస్తే భయం వేసేది, అంతే.

ఇంతవరకే అయితే, నేను భయపడ్డ మనిషినని చెప్పుకుని మీ దగ్గర కొంచెం జాలి అడిగేవాణ్ని. కానీ ఇంకొకటి ఉంది. అసలు చెప్పాల్సింది ఇదే. చెయ్యి ఇక్కడిదాకా వచ్చి ఆగుతోంది.

ఇన్‌స్పెక్టరు వచ్చి వెళ్లిన మర్నాడు దవాఖానకు వెళ్లాను. రూతమ్మ వరండాలో నిలబడి ఉంది. నన్ను చూసి దగ్గరికి వచ్చింది. ఏడవడం లేదు. చాలా మెల్లగా, పక్కన ఉన్నవాళ్లకు వినపడకుండా అడిగింది.

"అన్నా, ముందుగాల బండెక్కింది నువ్వే గద?"

"అవును చెల్లె."

"నువ్వు అబద్ధమాడవు. నాకొక్కదానికే చెప్పు. ఆయన దగ్గర వాసన వచ్చిందా?"

నేను గోడ వైపు చూశాను.

"అందరు గట్లనే అంటున్నరు. ఆయనేమో తాగలే అంటుండు. నాకు ఎట్ల తెలుస్తది అన్నా? నువ్వు చెప్తే నమ్ముత."

లేదు అనాలి. ఒక్క మాట. లేదు అంటే, మరి ఎందుకు తూలాడు, ఎందుకు కళ్లు మూతపడ్డాయి అని అడుగుతుంది. ఆ ప్రశ్న వెనక నా పైపు ఉంది, నా షెడ్డు ఉంది, నా పేరు ఉంది. ఇదంతా నేను అప్పుడు ఆలోచించానా? ఇంత వరసగా ఆలోచించలేదు. గొంతు దానంతట అదే దారి వెతుక్కుంది.

"నాకేం తెలుస్తది చెల్లె. వాన, గడబిడ. నేను ఫికర్‌ల ఉన్న. జర మనసు గట్టి చేసుకో."

ఆమె తల ఊపింది. నేను అవునని అనలేదు. కాదని కూడా అనలేదు. ఆ సందులోంచి తప్పించుకున్నాననుకున్నాను. కానీ అనుమానంతో ఉన్న మనిషికి తెలియదు అనే మాట ఎట్లా వినపడుతుందో నాకు తెలియదా? మెల్లగా వెనక్కి తిరిగి వార్డులోకి వెళ్లింది. ఆ వీపు చూసినప్పుడే నాకు అర్థమైంది. అయినా పిలవలేదు.

సామేలు లైసెన్సు పోయింది. కేసు నడిచి, కొన్నాళ్లకు ముగిసింది. సామేలు మాత్రం చాలాకాలం ఒకటే మాట అన్నాడు. తాగలే. చర్చి సంఘ పెద్దలు పిలిచి అడిగితే, తాగలే. పాస్టర్ గారు ఇంటికొచ్చి, ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడంటే, తాగలే. తప్పు ఒప్పుకునేదాకా ప్రభువు బల్ల దగ్గరికి, అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే చోటికి, రావద్దన్నారు. డోలక్ ఇంకొకరికి ఇచ్చారు. ఆదివారం అతను చంక కింద కర్ర పెట్టుకుని ఆఖరి వరసలో కూర్చునేవాడట. రొట్టె పంచే సమయానికి లేచి బయటికి వచ్చి నిలబడేవాడట.

రెండేళ్లు గడిచాక ఒకరోజు షెడ్డుకు వచ్చాడు. అప్పటికి అజీజ్‌నగర్‌లో, రూతమ్మ పనిచేసే ఫాంహౌస్‌లోనే వాచ్‌మన్‌గా కుదిరాడు. పాత టైరు మీద కూర్చున్నాడు. టీ తెప్పించాను. కప్పు చేతిలో పట్టుకుని, నవ్వుతూ చెప్పాడు.

"ఒప్పుకున్న అన్నా. మొన్న ఐతారం లేచి నిలబడి, తాగిన, తప్పయింది, క్షమించున్రి అన్న. అందరు ఖుష్ అయిండ్రు. బిడ్డ బాప్తిస్మం ఉన్నది, తండ్రిగ పక్కన నిలబడాలె గద. ఎన్ని దినాలని బయట నిలబడుత?"

చెయ్యని తప్పు ఒప్పుకున్నాడు. ఎదురుగా చేసినవాణ్ని నేను కూర్చుని ఉన్నాను. షెడ్డులో మా ఇద్దరం తప్ప ఎవరూ లేరు. అప్పుడైనా చెప్పొచ్చు కదా? అంతకంటే మంచి సమయం నాకు మళ్లీ ఎప్పుడు దొరుకుతుంది? నోరు తెరిచాను కూడా. తెరిచి నేనేమన్నానో తెలుసా?

"పోనీలే, మంచి పని చేసినవ్" అన్నాను.

సామేలు నా వైపు చూశాడు. కొంచెం ఎక్కువసేపే చూశాడు. అతనికి తెలుసా? క్యాబిన్‌లో పొగ వస్తోందని నాకు చెప్పింది అతనే కదా. రెండూ కలిపి చూసుకుని ఉంటాడా? చూసుకుని కూడా నన్ను అడగలేదా? లేక నన్ను అంత నమ్మాడా? ఈ ప్రశ్నకు జవాబు ఇక దొరకదు. టీ తాగేసి, కర్ర తీసుకుని, "వస్త అన్నా" అని వెళ్లిపోయాడు.

పోయిన ఏడాది జ్వరం వచ్చి సామేలు పోయాడు. ఎంకపల్లికి వెళ్లాను. సమాధి దగ్గర పాస్టర్ గారు మంచి మాటలే చెప్పారు. ఒకప్పుడు తాగుడుకు లోబడి కాలు పోగొట్టుకున్నా, తప్పు ఒప్పుకుని తిరిగి వచ్చిన బిడ్డ అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. అతని బతుకంతా ఆ ఒక్క అబద్ధం మీద నిలబెట్టి మట్టి కప్పుతున్నారు. నేను వెనక, గోడ పక్కన నిలబడి ఉన్నాను. నేను కూడా తల వంచాను.

ఆ తర్వాత అన్నం సరిగ్గా సహించలేదు. బతికి ఉన్నప్పుడు చెప్పలేనిది ఇప్పుడెందుకు అని ఒక మనసు. ఇప్పుడు కూడా చెప్పకపోతే ఆ మట్టి కింద మనిషి తాగుబోతుగానే ఉంటాడు కదా అని ఇంకో మనసు. నాకు కూడా వయసు మీద పడింది. షెడ్డు అమ్మేశాను, ఆ చోట ఇప్పుడు టైల్స్ దుకాణం ఉంది. పోగొట్టుకోవడానికి నా దగ్గర ఏమీ మిగలలేదు. ఏమీ మిగలని రోజున వచ్చిన ధైర్యం కూడా ధైర్యమేనా అని నన్ను నేను అడిగాను. జవాబు ఏదైనా, వెళ్లాలి.

పోయిన నెల అజీజ్‌నగర్ వెళ్లాను. రూతమ్మ ఇంకా ఆ తోటలోనే పనిచేస్తోంది. పైపుతో గులాబీ మొక్కలకు నీళ్లు పెడుతోంది. మెట్టు మీద కూర్చోమంది. కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాను. పైపు సంగతి, ప్యాకింగు సంగతి, అతను వచ్చి చెప్పిన సంగతి, తలుపు తీయగానే వచ్చిన పొగ, ఆదివారం నేను చేసిన పని. దవాఖాన వరండాలో నేను చెప్పిన మాట అబద్ధమని చెప్పాను. ఆమె చేతిలో పైపు కదలలేదు. నీళ్లు ఒకే మొక్క మీద పడుతూ, పాదు నిండి కాలిబాట మీదికి పారుతున్నాయి.

చివరికి అడిగింది.

"అయితే, ఒక్క చుక్క గూడ తాగలేదా?"

"లేదు చెల్లె."

తిడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆమె నన్ను చూడటం లేదు.

"నేను గూడ నమ్మలే అన్నా. సచ్చేదాంక చెప్పిండు నాకు. చర్చిల ఒప్పుకున్న దినం గూడ ఇంటికొచ్చి, నీకొక్కదానికి చెప్తున్న, నేను తాగలే అన్నడు. సరేలే అన్న. ఊకో అని ఆయనకు చెప్పిన."

అంతే. పైపు తీసి పక్క మొక్కకు పెట్టింది. నేను నిలబడే ఉన్నాను. క్షమించమని అడగడానికి వచ్చాను, అడగలేదు. ఏ మొహంతో అడగను? నా మీది బరువు దించుకుంటున్నానని వచ్చి, ఆమెకు కొత్తది ఒకటి ఎత్తాను. నేను చెప్పకపోతే ఆమె కనీసం తాగుబోతు మొగుణ్ని ఓర్చుకున్న భార్యగా ఉండేది. ఇప్పుడు నిజం చెప్పిన మొగుణ్ని నమ్మని భార్య అయింది. చెప్పడం కూడా తప్పేనా? చెప్పకపోవడం ఎటూ తప్పే. రెంటి మధ్య నిలబడటానికి నాకు చోటు లేకుండా నేనే చేసుకున్నాను.

కొంతసేపటికి ఆమె తోట లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. నేను గేటు తీసుకుని బయటికి వచ్చాను.

చర్చికి వెళ్లి అందరి ముందు చెప్పాలా? ఆమె చెప్పమంటే చెబుతాను. ఆమె ఇప్పటిదాకా కబురు పంపలేదు. ఆ నిజం ఇప్పుడు ఆమెది, ఎప్పుడు ఎవరికి చెప్పాలో ఆమె ఇష్టం. నా వంతు మాత్రం ఈ కాగితం మీద, నా చేత్తో, తెలియదు అనే మాట లేకుండా రాసి పెడుతున్నాను. ఇంత చిన్న వాక్యాలు రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. రాస్తుంటే ఊపిరి కొంచెం ఆడుతోంది.

పైపు కోసింది నేను. దాచింది నేను. ఆ రోజు సామేలు తాగలేదు.